పాత మోటార్‌హోమ్‌లో ప్రొపేన్ ట్యాంకు: ఏది బాగుచేయవచ్చు, ఏది మార్చి తీరాలి

పాత మోటార్‌హోమ్, అంటే వంటగది, పడకలు లోపలే ఉన్న ఇల్లులాంటి బండి, కొనేవాళ్లు ఇంజను శబ్దం వింటారు, టైర్లు చూస్తారు, పైకప్పు కారిందేమోనని లోపలి గోడలు తడిమి చూస్తారు. అందులోని పొయ్యికి, ఫ్రిజ్‌కు, హీటరుకు గ్యాస్ ఇచ్చే ప్రొపేన్ ట్యాంకు మాత్రం మొదటిసారి గ్యాస్ నింపించుకోవడానికి వెళ్లిన రోజునే గుర్తొస్తుంది. నింపే మనిషి వంగి ట్యాంకు వైపు చూసి, తల అడ్డంగా ఊపుతాడు. ఒక చోట పన్నెండేళ్లు దాటిందంటారు, మరో చోట తుప్పు ఎక్కువైందంటారు, ఇంకో చోట ప్లేటు కనిపించడం లేదంటారు. తెలిసినవాళ్లను అడిగితే సలహాలకు కొదవ ఉండదు. ఇనుప ట్యాంకుకు చావు లేదు, రంగు వేస్తే చాలని ఒకరు. గడువు తీరింది కాబట్టి పారేయాల్సిందేనని ఒకరు. వెల్డింగ్ షాపులో అతుకు వేయించమని మరొకరు.

ఈ సలహాల్లో చాలావరకు ఎక్కడో ఒక చోట నిజమైనవే. ఒక రకం పాత్రకు వర్తించే నియమాన్ని ఇంకో రకం పాత్రకు తగిలించడం వల్లనే గందరగోళం పుడుతోంది. వెల్డింగ్ సలహా మాత్రం ఏ పాత్రకూ పనికిరాదు, ప్రాణాల మీదికి తెస్తుంది. అమెరికాలో ఉంటూ, పిల్లలతో జాతీయ ఉద్యానవనాలు చుట్టిరావడానికి ఇలాంటి పాత బండి కొనుక్కునే తెలుగు కుటుంబాల కోసం ఈ చిక్కుముడిని ఒక్కొక్క పోగుగా విప్పుతున్నాను. ఇక్కడ చెప్పే నియమాలన్నీ అమెరికావి.

సిలిండరు వేరు, ట్యాంకు వేరు

అమెరికాలో బండ్లకు వాడే ప్రొపేన్ పాత్రలు రెండు జాతులు. మొదటిది చేత్తో విప్పి తీసుకెళ్లగలిగే సిలిండరు. కారు వెనక లాక్కెళ్లే ట్రైలర్లకు ముందు భాగంలో నిలువుగా జంటగా కనిపించేవి ఇవే. సాధారణంగా 20 లేదా 30 పౌండ్లవి. గ్యాస్ నిండిన పాత్రగా రోడ్డు మీద రవాణా అవుతాయి కాబట్టి ఇవి కేంద్ర రవాణా శాఖ, అంటే డి.ఒ.టి. నియమాల కిందికి వస్తాయి. మెడ చుట్టూ ఉన్న ఇనుప పట్టీ మీద 4బి.ఎ.240 లేదా 4బి.డబ్ల్యు.240 వంటి గుర్తు, తయారైన నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి.

పన్నెండేళ్ల మాట ఈ సిలిండరుది. తయారైన నెల నుంచి 12 ఏళ్లు నిండాక దాన్ని తిరిగి పరీక్షించకుండా నింపకూడదు. అనుమతి ఉన్న పరీక్షకుడు బయటి నుంచి క్షుణ్ణంగా చూసి సరేనంటే మరో 5 ఏళ్లు వాడుకోవచ్చు. అలా చూసి పాస్ చేసినదానికి కొత్త తేదీ పక్కన 'ఇ' అనే అక్షరం పడుతుంది. అంటే ఇక్కడ కూడా గడువు తీరిన సిలిండరు చెత్త కాదు, పరీక్ష బాకీ పడిన సిలిండరు మాత్రమే. మన ఇళ్లలో 14.2 కిలోల వంట గ్యాస్ సిలిండరు పైభాగంలో పట్టీల లోపలి వైపు ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, దాని పక్కన సంవత్సరం ఉంటాయి కదా, ఏ త్రైమాసికంలో పరీక్ష చేయించాలో చెప్పే గుర్తు అది. రెండు దేశాల పద్ధతిలోనూ ఆలోచన ఒకటే.

రెండో జాతి మోటార్‌హోమ్ చట్రానికి బోల్టులతో శాశ్వతంగా బిగించిన ట్యాంకు. పడుకోబెట్టిన స్తంభంలా బండి కింద, పక్క అరలో ఉంటుంది. నింపాలంటే బండినే తీసుకెళ్లాలి. ఇది అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం, అంటే ఎ.ఎస్.ఎం.ఇ., రాసిన బాయిలర్లు, పీడన పాత్రల నియమావళిలోని ఎనిమిదో విభాగం ప్రకారం తయారవుతుంది. దీనికి డి.ఒ.టి. 12 ఏళ్ల పరీక్ష వర్తించదు. ఫలానా ఏడు రాగానే చెల్లదనే కేంద్ర నియమం ఏదీ దీనికి లేదు. ముప్ఫై ఏళ్ల ట్యాంకు కూడా శుభ్రంగా, ప్లేటు చదవగలిగేలా, వాల్వులు సరిగా ఉంటే చట్టబద్ధంగా నింపించుకోవచ్చు.

మోటార్‌హోమ్ అయినంత మాత్రాన రెండో జాతే ఉంటుందనుకోకండి. చిన్న వ్యాన్లలో, సొంతంగా మార్పులు చేసుకున్న బండ్లలో అడ్డంగా అమర్చడానికే తయారైన డి.ఒ.టి. సిలిండర్లు కూడా కనిపిస్తాయి. కాబట్టి బండిని చూసి కాదు, పాత్ర మీద కొట్టిన గుర్తును చూసి నిర్ణయించుకోవాలి.

ఇలాంటి కలగాపులగమే వాల్వు విషయంలోనూ ఉంది. 4 నుంచి 40 పౌండ్ల సిలిండర్లకు ఎక్కువ నింపకుండా అడ్డుకునే వాల్వు 1998 సెప్టెంబరు 30 తరువాత తయారైనవాటికి తప్పనిసరి అయింది. 2002 ఏప్రిల్ 1 నుంచి ఆ వాల్వు లేని పాతవాటిని నింపడం ఆగిపోయింది. మూడు మూలల పిడి చూసి దాన్ని గుర్తుపడతారు. బిగించిన ట్యాంకుకు ఆ మూడు మూలల పిడి ఉండదు. అది లేదని ట్యాంకును తిరస్కరిస్తే అక్కడ పొరపాటు నింపేవాడిదే. ట్యాంకులో అదే పని చేసే తేలుడు బిళ్ల నింపే వాల్వుకు లోపలి వైపు ఉంటుంది.

ప్లేటే ట్యాంకుకు ఆధారం

బిగించిన ట్యాంకు మీద చేతి వెడల్పుకు అటూ ఇటూగా ఒక లోహపు ప్లేటు వెల్డింగ్ చేసి ఉంటుంది. తయారీదారు, సీరియల్ సంఖ్య, సంవత్సరం, నీటి కొలతలో సామర్థ్యం, తట్టుకోగల గరిష్ఠ పీడనం, మధ్య గోడ మందం, రెండు చివరల గుండ్రటి మూతల మందం దాని మీద ఉంటాయి. గరిష్ఠ పీడనం చోట సాధారణంగా 250 లేదా 312 పి.ఎస్.ఐ., అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు, అని కనిపిస్తుంది. కారు టైరులో మనం పట్టించే గాలి 35 దగ్గర ఉంటుందని గుర్తుంచుకుంటే ఈ అంకెల బరువు తెలుస్తుంది.

ఈ ప్లేటు లేకపోయినా, చదవలేనంతగా తినేసినా ట్యాంకును నింపకూడదు. అమెరికాలో ద్రవీకృత పెట్రోలియం గ్యాస్‌కు ప్రామాణికమైన ఎన్.ఎఫ్.పి.ఎ. 58 నియమావళి చెప్పేది అదే. ఇది కాగితాల పట్టుదల కాదు. లోపల ఎంత పీడనాన్ని భరించడానికి ఆ ఉక్కును మలిచారో, గోడ మొదట ఎంత మందంగా ఉండేదో తెలియకపోతే ఇప్పుడు మిగిలిన మందం చాలునో లేదో ఎవరూ చెప్పలేరు. ప్లేటు పోయిన ట్యాంకుకు నా సలహా ఒక్కటే: మరమ్మతు గురించి ఆలోచించడం మానేసి కొత్తదానికి ధర కనుక్కోండి. పాత యజమాని ప్లేటు మీద కూడా రంగు కొట్టేసి ఉంటే మాత్రం ఆశ వదులుకోవద్దు. రంగు తొలగించే ద్రావణంతో, మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడిస్తే అక్షరాలు చాలాసార్లు బయటపడతాయి. ఇసుక కాగితం, గ్రైండరు మాత్రం పెట్టకూడదు. అవి ఉన్న కాసిన్ని అక్షరాలనూ చెరిపేస్తాయి.

తుప్పును ఎలా చదవాలి

ఇక అందరినీ భయపెట్టే తుప్పు సంగతి. రంగు పెచ్చులూడి, పైన పలచగా ఎర్రటి పొడి పట్టడం దాదాపు ప్రతి పాత ట్యాంకుకూ ఉంటుంది. చేతి వైరు బ్రష్‌తో గీస్తే ఆ పొడి రాలిపోయి, కింద నున్నటి ఉక్కు కనిపిస్తే అది పైపూత సమస్యే. శుభ్రం చేసి, తుప్పు నిరోధక ప్రైమరు పూసి, దాని మీద తెలుపు వంటి లేత రంగు వేస్తే సరిపోతుంది. లేత రంగు అందానికి కాదు. నల్లటి ట్యాంకు ఎండను పీల్చుకుని లోపలి పీడనాన్ని పెంచుతుంది. 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ప్రొపేన్ ఆవిరి పీడనం సుమారు 110 పి.ఎస్.ఐ. అయితే, 100 డిగ్రీలకు అది 170 దాటుతుంది. అరిజోనా ఎండలో నల్లటి ట్యాంకు ఆ హద్దు దాటి ఎంత ముందుకు పోతుందో ఊహించవచ్చు.

రంగు వేసేటప్పుడు ప్లేటు, వాల్వులు, రెగ్యులేటర్, భద్రతా వాల్వు మూత అన్నీ కప్పి ఉంచాలి. భద్రతా వాల్వు నోట్లో ఎండిన రంగు చుక్క ఒకటి చాలు, అది సమయానికి తెరుచుకోకపోవడానికి.

అసలు భయపడాల్సిన తుప్పు రెండు చోట్ల దాక్కుంటుంది. ఒకటి, ట్యాంకు కాళ్లు గోడకు కలిసే చోటా, ఇనుప పట్టీలు చుట్టిన చోటా. అక్కడ నీళ్లు, రోడ్డు మీది ఉప్పు చేరి ఏళ్ల తరబడి ఆరవు. మిషిగన్, ఒహాయో, న్యూయార్క్ వైపు చలికాలాలు చూసిన బండ్లలో ఇది మరీ ఎక్కువ. రెండోది, ట్యాంకు అడుగున. ఎవరో మంచి ఉద్దేశంతోనే దట్టంగా పూసిన నల్లటి తారు పూత పగిలి, దాని వెనక తడి గుడ్డ కప్పినట్టు నీరు నిలిచిపోతుంది. పైకి నల్లగా నిగనిగలాడుతూ కనిపించే ట్యాంకు కింద ఉక్కు పొరలు పొరలుగా లేచిపోయి ఉండవచ్చు. పాత బండిలో తారు పూసిన ట్యాంకును చూస్తే నేను తుప్పు పట్టిన ట్యాంకు కంటే ఎక్కువగా అనుమానిస్తాను.

బ్రష్‌తో గీసినప్పుడు పొడి కాకుండా రేకులు రాలితే, కింద గుంటలు గోటికి తగిలితే, అక్కడితో మన పని ఆగిపోయినట్టే. మిగిలిన మందం కొలవడానికి అల్ట్రాసోనిక్ పరికరం ఉంటుంది. బయటి నుంచే గోడ మందం చెబుతుంది. వచ్చిన అంకెను ప్లేటు మీది మందంతో పోల్చి తీర్పు చెప్పాల్సింది పీడన పాత్రల తనిఖీలో అర్హత ఉన్న మనిషి. ఆ పరికరం, ఆ మనిషి ఖర్చు కలిపితే చిన్న ట్యాంకు ధరకు దగ్గరగా పోవచ్చు. అందుకే గుంటలు లోతుగా, ఒకటికి పైగా కనిపిస్తే కొలతల దాకా వెళ్లకుండా మార్చేయడమే తెలివైన పని అని నా అభిప్రాయం. సొట్ట కూడా ఇలాంటిదే. గుండ్రటి గోడ మీద పదునైన అంచుతో పడిన సొట్ట, వెల్డింగ్ అతుకు మీద లేదా దాని పక్కన పడిన సొట్ట కనిపిస్తే ఆ ట్యాంకుకు రంగు వేయడం వృథా. మంటల్లో చిక్కి బయటపడ్డ ట్యాంకు బయటికి ఎంత బాగున్నా అంతే. వేడికి ఉక్కు గుణమే మారిపోయి ఉండవచ్చు.

వెల్డింగ్ ఎందుకు కుదరదు

"మా ఊళ్లో చేయి తిరిగిన వెల్డర్ ఉన్నాడు" అనే మాటకు సమాధానం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1905 మార్చి 20న మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్ పట్టణంలో గ్రోవర్ అనే బూట్ల ఫ్యాక్టరీలో పాత బాయిలరు పేలి, భవనం కూలి 58 మంది చనిపోయారు. అప్పటికి అమెరికాలో బాయిలర్లు పేలడం అరుదైన సంగతి కాదు. ఎవరికి తోచినట్టు వాళ్లు తయారుచేసేవారు, తోచినట్టు బాగుచేసేవారు. ఆ దుర్ఘటన తరువాత మసాచుసెట్స్ 1907లో బాయిలర్లకు నియమాలు చేసింది. ఎ.ఎస్.ఎం.ఇ. తొలి నియమావళి 1914 నాటిది. బాయిలర్లు, పీడన పాత్రల తనిఖీ అధికారుల జాతీయ బోర్డు 1919లో ఏర్పడింది. దాని కేంద్రం ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉంది.

ఈ బోర్డు ఇచ్చే 'ఆర్' ముద్ర ఉన్న సంస్థ మాత్రమే పీడన పాత్ర గోడ మీద వెల్డింగ్ మరమ్మతు చేయవచ్చు. ఏ ఉక్కుకు ఏ కడ్డీ, ఎంత వేడి, తరువాత ఏ పరీక్ష అన్నది రాతపూర్వకంగా ఉండాలి. తనిఖీ అధికారి సంతకం ఉండాలి. వెల్డర్ చేతి నైపుణ్యం ఇందులో ఒక భాగమే. వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఉన్న ఉక్కు పెళుసుబారవచ్చు. అది కంటికి కనబడదు. పైగా ఖాళీ అనుకున్న ట్యాంకులో మిగిలిన ఆవిరి గాలితో కలిస్తే నిప్పురవ్వ కోసం ఎదురుచూసే మిశ్రమం తయారవుతుంది. గాలిలో ప్రొపేన్ సుమారు 2.1 నుంచి 9.5 శాతం మధ్య ఉంటే అంటుకుంటుంది. ఎంత చిన్న భాగం చాలో గమనించండి.

మోటార్‌హోమ్ పరిమాణం ట్యాంకుకు 'ఆర్' ముద్ర మరమ్మతు చేయించే ఖర్చులో కొత్త ట్యాంకే వస్తుంది. కాబట్టి గోడకు చిల్లు పడితే, గుంట లోతైతే, వెల్డింగ్ పగిలితే మరమ్మతు అనే మాట ఆచరణలో లేనట్టే. ట్యాంకు కాలు విరిగినా అంతే. తయారీదారే బిగించి ఇచ్చిన పట్టీల మీద, ఆధార పలకల మీద తప్ప ట్యాంకు గోడ మీద బయట ఎక్కడా వెల్డింగ్ చేయకూడదన్నది నియమం.

నిజంగా ముసలివయ్యేవి

ట్యాంకు గోడ కంటే ముందు వయసు మీద పడేది దానికి బిగించిన చిన్న భాగాలకు. పాత ట్యాంకు విషయంలో మరమ్మతు అన్న మాటకు నిజమైన అర్థం ఇవి మార్చడమే.

వాటిలో మొదట చూడాల్సింది భద్రతా వాల్వు. లోపలి పీడనం హద్దు దాటితే స్ప్రింగు మీద లేచి, కొంత ఆవిరి వదిలి, మళ్లీ కూర్చోవడం దాని పని. ఏళ్ల తరబడి ఒక్కసారి కూడా పని చేయకుండా ఎదురుచూస్తూ, ఆ ఒక్కసారి తప్పకుండా పని చేయాల్సిన భాగం ఇది. స్ప్రింగు తుప్పు పట్టవచ్చు, రబ్బరు బిళ్ల గట్టిపడి అతుక్కుపోవచ్చు, పైన ఉండే మూత ఊడిపోయి మట్టి, వాన నీరు చేరవచ్చు. ఈ వాల్వులు చేసే సంస్థలు దాన్ని పదేళ్లకు మించి నమ్మవద్దంటాయి. చాలామంది యజమానులు బండి కొన్న రోజు నుంచి దాన్ని ముట్టుకోరు. ముప్ఫై ఏళ్ల ట్యాంకుకు ముప్ఫై ఏళ్ల భద్రతా వాల్వే ఉంటుంది. ట్యాంకు వయసు గురించి పడే ఆందోళనలో సగమైనా ఈ వాల్వు మీద పెడితే మేలు. ఒక ముఖ్యమైన జాగ్రత్త: కొత్త వాల్వు మీద ఉన్న అంకె ట్యాంకు ప్లేటు మీది పీడనానికి సరిపోవాలి. 250 ట్యాంకుకు 312 వాల్వు బిగిస్తే భద్రత పెరగదు, పోతుంది.

తరువాతిది నింపే వాల్వు, దాని వెనక తేలుడు బిళ్లతో పని చేసే ఆపుడు పరికరం. ట్యాంకు 80 శాతం నిండగానే అది మూసుకోవాలి. ప్రొపేన్ ద్రవం వేడికి నీటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. పైన ఆ 20 శాతం ఖాళీ లేకపోతే మధ్యాహ్నపు ఎండకు ద్రవమే గోడలను నెడుతుంది. తేలుడు బిళ్ల ఇరుక్కుపోతే ఇక కాపలా ఒకటే మిగులుతుంది. పక్కన ఉండే చిన్న మర తిప్పితే సన్నటి రంధ్రం నుంచి ఆవిరి వస్తుంటుంది. ద్రవం 80 శాతం మట్టానికి చేరగానే తెల్లటి తుంపర చిమ్ముతుంది. నింపే మనిషి ఆ మర తెరిచి ఉంచాడో లేదో మీరు పక్కన నిలబడి చూడండి. తెరవకపోతే అడగడానికి మొహమాటపడవద్దు.

లెక్కకు, 20 గ్యాలన్ల నీటి సామర్థ్యం ఉన్న ట్యాంకులో 16 గ్యాలన్లే నింపాలి. గ్యాలనుకు 4.2 పౌండ్ల చొప్పున అది 67 పౌండ్లు, అంటే 30 కిలోల పైమాట. మన వంట సిలిండర్లు రెండింటిలో ఉండే గ్యాస్ కంటే కాస్త ఎక్కువే, మన పడక కింద ప్రయాణం చేస్తోందన్నమాట.

బయటికి గ్యాస్ ఇచ్చే వాల్వులో గొట్టం తెగితే ప్రవాహాన్ని అడ్డుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాని వల్లనే ఒక విచిత్రమైన ఫిర్యాదు వస్తుంటుంది: ట్యాంకు నిండుగా ఉంది, పొయ్యికి మాత్రం గ్యాస్ రాదు. కారణం చాలాసార్లు వాల్వును ఒక్కసారిగా తెరవడం. ఆ దూకుడును గొట్టం తెగిందనుకుని అది మూసుకుపోతుంది. వాల్వు పూర్తిగా కట్టి, కొద్దిసేపు ఆగి, నెమ్మదిగా తెరిస్తే గ్యాస్ వస్తుంది. ఇది తెలియక ట్యాంకు మార్చాలని నిర్ణయించుకున్నవాళ్లూ ఉంటారు.

ఇక రెగ్యులేటర్. ట్యాంకులోని నూటికి పైగా పి.ఎస్.ఐ.ని అది రెండు అంచెల్లో తగ్గించి, లోపలి పరికరాలకు 11 అంగుళాల నీటి మట్టానికి సమానమైన పీడనంగా, అంటే సుమారు 0.4 పి.ఎస్.ఐ.గా ఇస్తుంది. పొయ్యి మంట పసుపు రంగుకు తిరగడం, ఫ్రిజ్ మాటిమాటికీ ఆరిపోవడం, హీటరు చలి రాత్రుల్లోనే మొరాయించడం వంటివి చాలావరకు దీని జబ్బులే, ట్యాంకువి కావు. రబ్బరు గొట్టాల నుంచి చేరే జిడ్డు లోపల పేరుకుంటుంది. ఊపిరి తీసుకునే రంధ్రం సాలెగూడుతో, బురదతో మూసుకుంటుంది. ఆ రంధ్రం నేల వైపు చూసేలా, పైన మూతతో బిగించి ఉండాలి. పాతికేళ్ల రెగ్యులేటర్‌ను విప్పి శుభ్రం చేసే ప్రయత్నం చేయవద్దు, మార్చండి; ట్యాంకుతో పోలిస్తే దాని ధర చాలా తక్కువ.

ఈ వాల్వుల్లో చాలావాటిని విప్పాలంటే ట్యాంకు పూర్తిగా ఖాళీ కావాలి. అందుకే ఒకటి మార్చే సందర్భం వచ్చినప్పుడు భద్రతా వాల్వు, నింపే వాల్వు, బయటి వాల్వు, మట్టం చూపే పరికరం అన్నీ ఒకేసారి మార్పించుకోవడం లాభం. ఆ భాగాలు, కూలి కలిపి వచ్చే మొత్తాన్ని కొత్త ట్యాంకు ధరతో పక్కపక్కన రాసుకుని చూడండి. కొత్త ట్యాంకు సాధారణంగా వాల్వులతో సహా వస్తుంది. గోడ శుభ్రంగా, పెద్ద పరిమాణంలో ఉంటే పాతదాన్ని ఉంచుకోవడం న్యాయం. ట్యాంకు చిన్నదై, గోడ మీద కూడా అనుమానం ఉంటే కొత్తదానికే మొగ్గాలి.

మార్చాలని తేలాక

కొత్త ట్యాంకు ఎంచుకోవడంలో గ్యాలన్ల కంటే కొలతలు ముఖ్యం. వ్యాసం, పొడవు, కాళ్ల బోల్టు రంధ్రాల మధ్య దూరం, వాల్వులు ఏ చివర, ఏ వైపు తిరిగి ఉన్నాయన్నది పాతదాని ఫొటోలు తీసి, టేపుతో కొలిచి రాసుకోవాలి. అరలో ఒక అంగుళం తేడా వచ్చినా నింపే గొట్టం అందదు, లేదా తలుపు మూసుకోదు. కాళ్లు సరిపోకపోతే బండి చట్రానికి బోల్టులతో అదనపు బ్రాకెట్ చేయించవచ్చు. ట్యాంకు కాళ్లను కోయడం, కొత్త రంధ్రం వేయడం మాత్రం కుదరదు.

తక్కువ ధరకు దొరికిందని ఫోర్క్‌లిఫ్ట్ ట్యాంకు తెచ్చేవాళ్లను హెచ్చరించాలి. ఇంజనుకు ఇంధనంగా వాడే పాత్రలు అడుగు నుంచి ద్రవాన్ని ఇస్తాయి. ఇంటి పరికరాలకు కావలసింది పైభాగం నుంచి వచ్చే ఆవిరి. ద్రవం రెగ్యులేటర్ దాటి పొయ్యి దాకా వస్తే అక్కడ అది 270 రెట్లు ఆవిరిగా ఉబ్బుతుంది.

పాతదాన్ని ఖాళీ చేయడం ఇంటి ముంగిట చేసే పని కాదు. హీటరు, పొయ్యి వెలిగించి వీలైనంత వాడేయవచ్చు. తరువాత ముల్లు సున్నా చూపినా లోపల ఆవిరి ఉంటుంది. మిగిలినదాన్ని ప్రొపేన్ పంపిణీదారు వద్ద వేరే పాత్రలోకి తీయించడమో, వాళ్ల పద్ధతిలో కాల్చివేయించడమో చేయాలి. వాల్వు తెరిచి గాలికి వదిలేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఆంధ్ర పాఠకులకు దూరం వెళ్లనక్కరలేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో లీకైన ఎల్.పి.జి. నేలబారు మేఘంగా పరుచుకుని, నిప్పు తగిలి పదుల ప్రాణాలు తీసింది. ప్రొపేన్ ఆవిరి గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. పైకి పోదు, పల్లం వెతుక్కుంటుంది. మోటార్‌హోమ్ ట్యాంకు అరకు అడుగున రంధ్రాలు వదిలి, లోపలి గదుల వైపు గాలి చొరకుండా మూసేది ఇందుకే. ట్యాంకు మార్చేటప్పుడు ఆ మూతలు చిరిగి ఉంటే అప్పుడే సరిచేయించాలి.

కొత్త ట్యాంకు బిగించాక చాలామంది మరిచిపోయే పని ఒకటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ట్యాంకులో గాలి, కాస్త తేమ ఉంటాయి. ముందే తీసివేశారని రాసి ఉంటే తప్ప, వాటిని తరిమివేయకుండా నేరుగా నింపితే పొయ్యి మంట నిలవదు, రెగ్యులేటర్‌లో మంచు కడుతుంది, గాలి వల్ల పీడనం అనవసరంగా పెరిగి భద్రతా వాల్వు కూడా తెరుచుకోవచ్చు. నింపేవాళ్లు ప్రొపేన్ ఆవిరిని, ద్రవాన్ని కాదు, సుమారు 15 పి.ఎస్.ఐ. వరకు ఎక్కించి బయటికి వదులుతారు. అలా ఐదుసార్లు చేస్తారు. నింపించే ముందు ఇది కొత్త ట్యాంకని చెప్పడం మీ బాధ్యత. అన్ని చోట్లా ఈ పని చేయరు, కాబట్టి ముందే ఫోను చేసి కనుక్కోండి.

తరువాత లీకు పరీక్ష. అతుకుల దగ్గర అమోనియా, క్లోరిన్ లేని సబ్బు ద్రావణం పూసి బుడగలు చూడటం మొదటి మెట్టు. అమోనియా ఇత్తడి భాగాలను పాడుచేస్తుంది. అంతటితో ఆగకూడదు. మెకానిక్ లోపలి గొట్టాలకు సన్నటి పీడన మాపకం తగిలించి, 8 అంగుళాల నీటి మట్టం దగ్గర ఉంచి, 3 నిమిషాల్లో ముల్లు కదలలేదని చూపించాలి. సబ్బు బుడగ కంటికి అందే అతుకునే చెబుతుంది. గోడ వెనక దాగిన గొట్టాన్ని ఈ పరీక్ష చెబుతుంది.

వాసనను పూర్తిగా నమ్మవద్దు

సహజ వాయువుకైనా ప్రొపేన్‌కైనా సొంత వాసన లేదు. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ బడిలో వాసన లేని సహజ వాయువు నేల కింద చేరి పేలి, దాదాపు 300 మంది పిల్లలు, ఉపాధ్యాయులు చనిపోయాక గ్యాస్‌కు వాసన కలపడం చట్టమైంది. ప్రొపేన్‌లో కలిపేది ఇథైల్ మెర్కాప్టన్. పాత ట్యాంకు లోపలి తుప్పు ఈ పదార్థంతో చర్య జరిపి వాసనను తగ్గించగలదు. చాలాకాలం ఖాళీగా, వాల్వు తెరిచి వదిలేసిన ట్యాంకులో గాలి చొరబడి లోపల తుప్పు పట్టినప్పుడు ఈ ముప్పు ఎక్కువ. కొత్త ట్యాంకు లోపలి ఉక్కు కూడా మొదటిసారి నింపినప్పుడు కొంత వాసనను పీల్చుకుంటుంది. అందువల్ల నేలకు దగ్గరగా బిగించిన గ్యాస్ అలారం తప్పదు. అలారానికీ గడువు ఉంటుంది, చాలావాటికి 5 నుంచి 7 ఏళ్లు. వెనక ముద్రించిన తేదీ చూడండి. పాత బండిలో దీపం పచ్చగా వెలుగుతున్నంత మాత్రాన అది పని చేస్తోందనుకోకూడదు.

ఇంకా బండి కొనకముందే ఇది చదువుతున్నవాళ్లకు పని సులువు. బేరం మాట్లాడకముందే ట్యాంకు అర తెరిపించి ప్లేటు ఫొటో తీసుకోండి. కాళ్లు, పట్టీలు, అడుగు భాగం టార్చి వేసి చూడండి. భద్రతా వాల్వు మీద తేదీ ఉంటే రాసుకోండి. ప్లేటు చదవలేకపోయినా, గుంటలు తగిలినా కొత్త ట్యాంకు, కూలి ఖర్చు కనుక్కుని ఆ మొత్తం ధరలో తగ్గించమని అడగండి. పని చేసే మనిషికి ప్రొపేన్ లైసెన్సు ఉందో లేదో మీ రాష్ట్ర సంస్థ దగ్గర తెలుసుకోండి. టెక్సస్‌లో ఆ అధికారం రైల్‌రోడ్ కమిషన్‌ది.